జేబు లేని మనిషి చాకు

“జేబే లేదు నీకు, జేబుచాకు ఏం జేసుకుంటవ్ వదినే?”

గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి మరిది నాగేందర్ అడిగిన మాట ఇది. పక్కనున్నవాళ్లు నవ్వారు. గుర్వమ్మ నడుముకు దోపుకున్న వక్కల తిత్తిని తట్టి చూపించింది.

“జేబు నీకున్నది. చెవులు కొయ్యాల్సిన పిల్లలు నాకున్నయి.”

చెవుల సంగతి ఇది. మర్రిగూడ దగ్గరి ఆ ఊళ్లో, వాళ్ల ఇంటి మందలో, ఎవరి గొర్రెపిల్లకు వాళ్లు చెవి కోసి గుర్తు పెట్టుకుంటారు. నాగేందర్‌వి కుడిచెవి కొస తెగి ఉంటాయి. గుర్వమ్మవాటికి ఎడమచెవి అంచున గాటు. రెండు మందలూ కలిసే మేస్తాయి, నాగేందర్ జాగాలో ఉన్న ఒకే దొడ్డిలో పడుకుంటాయి. దసరాకు లెక్క చూసుకుంటారు. ఆనాటికి గుర్తు లేని పిల్ల ఉంటే అది దొడ్డి ఎవరిదో వాళ్లది. సబ్సిడీలో వచ్చిన తల్లిగొర్రెల చెవులకు ప్లాస్టిక్ బిళ్లలున్నాయి. వాటికి పుట్టిన పిల్లలకు ఏ ఆఫీసూ బిళ్లలు కుట్టదు.

భర్త శ్రీశైలం పోయాక ఆ గాట్లు నాగేందరే పెట్టేవాడు. మొదటి ఏడు రెండు పిల్లలకు పెట్టడం మరిచాడు. “యాది మర్శిన వదినే” అన్నాడు. అబద్ధమే అయి ఉండనక్కర్లేదు. మనిషి మరుపు కూడా తనకు లాభమున్న వైపే ఎక్కువగా వాలుతుంది.

శ్రీశైలం చాకు ఉంటే ఈ గొడవే లేదు. దాన్ని ఆయనతోపాటే గుంతలో పెట్టించారు పెద్దమనుషులు. పోయినవాడి పనిముట్టు పోయినవాడితోనే ఉండాలట. అక్కడ ఆయన కోయాల్సిన చెవులు ఎన్నున్నాయో వాళ్లెవరూ చెప్పలేదు. ఇక్కడున్నవాటిని ఏంతో కోయాలన్నదీ చెప్పలేదు.

కొడవలి పెద్దది. బ్లేడు జారి వేలు కోస్తుంది. కావలసింది మడత చాకే. కమ్మరి రామచంద్రం లారీ కమాన్ పట్టీని సాగగొట్టి, నల్లతుమ్మ పిడి వేసి చేస్తాడు. ధర రెండొందల యాభై. అంగట్లో ఎర్ర ప్లాస్టిక్ పిడితో తళతళలాడేది అరవై. అదే వారం గొర్రెల కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు కూడా కొనాలి. గుర్వమ్మ అరవైది కొన్నది. ఆ పూట ఆమె చేతిలో ఉన్న డబ్బును బట్టి అది తెలివితక్కువ పని కాదు.

హోళీకి వచ్చే కాముని పున్నమి దాటాక పిల్లల్ని ఒక్కొక్కటిగా మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుంది. చాకు పలచటి రేకు. పిడి దగ్గర ఊగుతోంది. కోయడం లేదు, నలుపుతోంది. పిల్ల గొంతు చించుకుంటుంటే ఆమె చెయ్యి మెత్తబడింది. పైపైన చిన్న గాటు పెట్టి, పసుపు అద్ది వదిలేసింది. కాస్త మొండిగా నొక్కి ఉంటే ఆ చాకుతో కూడా పనయ్యేదేమో. చాకు మొద్దు, చెయ్యి మెత్తన. రెండూ కలిశాయి.

దసరా నాటికి మూడు పిల్లల చెవులు పూడి నున్నగా ఉన్నాయి.

“గివ్వి నావి. ఎడమచెవి చూడు, గాటు పెట్టిన జాగా గట్టిగున్నది” అంది గుర్వమ్మ.

నాగేందర్ చెవి పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. “ఏది వదినే? నా కండ్లకు గాన్రాదు.”

“తల్లి ఎంట వోతయి, ఇడిసి చూడు.”

“పాలు మర్శిన పిల్లలు ఏ తల్లి ఎంటైనా వోతయి. మాట మాటే, గుర్తు గుర్తే. మా అన్న ఉన్నప్పుడు గూడ గిదే లెక్క.”

అంటూనే మూడింటి కుడిచెవి కొసలూ కోసేశాడు. ఆయన చాకు శుభ్రంగా కోసింది. గుర్వమ్మ దాన్ని బాగా చూసింది.

మరునాడు రామచంద్రం కొలిమి దగ్గరికి పోయి ఉన్న చాకులన్నీ ముందేసుకుంది. మెరుపు చూడలేదు. ఒక్కోదాన్ని తొడకు ఆనించి ఎడమచేత్తో విప్పింది. కుడిచెయ్యి పిల్లను పట్టుకుని ఉంటుంది మరి. తర్వాత తన పాత తోలుచెప్పు తీసి అంచు కోసి చూసింది.

“ఏందమ్మా, చెప్పు కోస్తున్నవ్?” అన్నాడు రామచంద్రం.

“చెవి గూడ గిట్లనే సాగుతది అన్నా. గీడ తెగితే గాడ తెగుతది.”

“ఇగ చెప్పుకు గూడ గుర్తు వడ్డది. ఎవ్వడు ఎత్కవోడు పో.”

నాలుగోదానితో చెప్పు ఒక్క వేటుకు తెగింది. రెండొందల యాభై అక్కడే చేతిలో పెట్టింది.

చేతిపని గొప్పదనం గురించి పట్నంలో చెప్పే మాటలు ఆమెకు అక్కరలేదు. ఆ చాకు వానకు తుప్పు పడుతుంది, నూనె రాయకపోతే విప్పుకోదు. కానీ చీల వదులైతే రామచంద్రం రెండు దెబ్బలు కొట్టి బిగిస్తాడు, పదును పోతే గుట్టమీద ఏ బండకు నూరినా వస్తుంది. ఎర్రపిడిది వదులైతే పారేయడమే. గుర్వమ్మకు నచ్చింది ఇంతమాత్రమే.

మరుసటి ఈతకు పుట్టిన పిల్లలకు గాట్లు లోతుగా పడ్డాయి. ఒక్క చెవీ పూడలేదు. ఆ ఏడే నాగేందర్ చాకు విరిగింది.

“జర నీ చాకియ్యి వదినే. నా పిల్లలకు గుర్తు వెట్టుకుంట.”

“ఇయ్య. జేబుల ఏసుకోని పోతవ్. పిల్లల్ని పట్టుకో, నేనే కోస్త.”

ఆయన పట్టుకున్నాడు, ఆమె కోసింది. అన్నీ కుడిచెవులే, ఆయన గుర్తే. చివరి పిల్లను వదలకుండా మోకాలితో నొక్కిపెట్టి అడిగింది: “పోయిన దసరకు కోసినవి ఎవ్వరివి?”

నాగేందర్ పిల్ల కాళ్లు సర్ది పట్టుకున్నాడు. “నీయే అనుకో. అమ్మిన గదనే. పైసలు ఇస్త తియ్.”

ఆ మూడు పిల్లలు అంగట్లో పదిహేను వేలకు పోయాయి. ఆ డబ్బు నాగేందర్ ఇంకా ఇవ్వలేదు.