మామ గొడ్డలి

మొన్న మహబూబ్‌నగర్ చౌరస్తాలో ఒక పోలీసాయన నా బండి ఆపి, ఫోన్ తెరిచి చూపించమన్నాడు. వెనక కూర్చున్న మా అక్క కూతురు, వకీలు చదువు చదువుతున్న పిల్ల, ఏ కోర్టు కాగితం ఉందని అడుగుతున్నారు సార్ అని నెమ్మదిగా అన్నది. ఆయన ఒక చూపు చూసి పొమ్మన్నాడు. నా ఫోన్‌లో ఉన్నవి ప్రపంచంలోని సమస్త గుడ్‌మార్నింగ్ పూలే అయినా, గుండె మాత్రం బోనాల డప్పులా మోగింది. ఇంటికొచ్చేదాకా మా మేనత్తే కళ్ళలో మెదిలింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో అత్త షాద్‌నగర్ చివరి బస్తీలో ఒక్కతే ఉండేది. గొర్లు కాసిన మామ పోయాక మందనంతా అమ్మేసింది గానీ, ఆయన గొంగడినీ, గొర్ల మేతకు కొమ్మలు కొట్టే పొడుగు గొడ్డలినీ పెట్టె మీద దాచుకున్నది. ఏటా పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాసనాడు వాటి ముందు విస్తరి వేసి, మామ ఎదురుగా కూర్చున్నట్టే ఊరి సంగతులన్నీ చెప్పేది.

ఒక పొద్దున, నేను అక్కడుండగానే, తనిఖీ అంటూ పోలీసులు బస్తీని చుట్టుముట్టారు. లంక మీదికి కూడా అంతమంది పోయి ఉండరని ఇప్పటికీ నా వాదన. మావైపు గడపకొచ్చిన మనిషికి ముందు చెంబెడు నీళ్ళిచ్చి, ఆ తర్వాతే వచ్చిన పని అడగడం రివాజు. ఇల్లు చూడవచ్చునా అని ఎస్సై మర్యాదగానే అడిగాడు.

“అడుగుడేంది బిడ్డా, మీ ఇల్లే అనుకోండ్రి. జర నీళ్ళు తాగి చూడుండ్రి,” అన్నది అత్త.

తాగారు, చూశారు. జొన్నల కుండ దాకా బోర్లించి, ఆఖరికి గొడ్డలిని మారణాయుధమని పట్టుకుపోయారు. తుమ్మకొమ్మలు తప్ప దానికి బలైన ప్రాణి భూమ్మీద లేదు. మర్నాడు పేపర్ ఫొటోలో, కాగితాల్లేని బండ్ల పక్కన, మామ గొడ్డలి బందిపోటులా పడుకుని ఉంది.

ఠాణాకు పోతే కోర్టు నుంచి కాగితం తెమ్మన్నారు. ఇంట్లోకి రావడానికి వాళ్ళకు అక్కరలేని కాగితం, గొడ్డలి బయటికి రావడానికి మాకు కావలసి వచ్చింది. తెలిసిన వకీలు, సోదాకు చట్టంలో హద్దులున్నాయి గానీ, ముసలామే రమ్మన్నది కనుక ఒప్పుకున్నట్టే రాసుకుంటారని నిట్టూర్చాడు.

“నేనే రమ్మంటి గదరా అల్లుడా,” అన్నది అత్త తిరుగు బస్సులో. “మీ మామను నేనే పట్టిచ్చిన.”

గొడ్డలి మళ్ళీ రాలేదు. ఆ పెత్రమాసకు ఒక్క గొంగడి ముందే విస్తరి వేసింది, మామతో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇప్పటి పిల్లలకు కాగితం అడగడం తెలుసు. మంచిదే, మాకూ తెలిసి ఉంటే బాగుండేది. కానీ కిందటేడు అత్త ఇంటికి పోతే, పట్టపగలు తలుపు గడియ పెట్టి ఉంది. ఎవరని లోపలి నుంచి గొంతు వచ్చింది. ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాణ్ని, గడప బయట నా పేరు చెప్పుకుని నిలబడ్డాను.