టేకు పలకకు పిల్లల కొలత

నేను చెప్పే కొలతలు నమ్మి ఎవరూ ఇల్లు కట్టుకోరు. గోదావరిలో నేను పట్టిన చేప తల మంచిర్యాలలో ఉంటే తోక గోదావరిఖని దాకా పోయిందని మూడో తరగతి పిల్లలకు పదేళ్లుగా చెబుతున్నాను. పదేళ్లుగా వాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. మా బడికి కొత్త టీచర్ వచ్చిన నెలకే, చేప కథ మధ్యలో ఒక పిల్ల చెయ్యెత్తింది.

"సార్, చేపను కొలిచినప్పుడు గా అవతలి కొస ఎవలు వట్టుకున్నరు?"

కథలో అప్పటిదాకా నేనొక్కణ్ణే ఉన్నాను. "ఎవరు నేర్పిండ్రే నీకు?" అన్నాను.

"టీచర్. రెండు కొసలు సూడకుంటె కొలత కాదన్నది."

ఆ రోజు నుంచి నాకు ఆ టీచరమ్మ అంటే భయమూ గౌరవమూ రెండూ మొదలయ్యాయి.

మాది నస్పూర్ పక్కన ఇద్దరు టీచర్ల బడి. ఒకణ్ణి నేను, నాకంటే పదిహేనేళ్లు చిన్నదైన ఆమె రెండో టీచరు. పొడవుల పాఠం నేనైతే ఒక్క పీరియడ్‌లో ముగించేవాణ్ణి. వంద సెంటీమీటర్లు ఒక మీటరని బోర్డు మీద రాసి, పదిసార్లు చదివించి, మిగిలిన టైమంతా చేపకు ఇచ్చేవాణ్ణి. ఆమె మొదటి వారం స్కేలే బయటికి తీయలేదు. బల్లను జానలతో కొలవమంది. ఒకడికి పది జానలు, ఇంకొకడికి పదకొండు. నన్ను పిలిచి కొలిపిస్తే ఏడే వచ్చాయి. "సార్ కొలిస్తె బల్ల చిన్నగైంది!" అని ఒకటే గోల. ఎవరి చెయ్యి సరైనదో తేలక పిల్లలు కొట్లాడుకుని అలసిపోయాక, అప్పుడు స్కేళ్లు పంచింది. "ఇది ఎవరిదీ కాని చెయ్యి. అందుకే అందరికీ ఒక్కటే" అంది. ఆ మాటను నేను తర్వాత రెండు మీటింగుల్లో నాదిగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

తరగతి గోడలో వెడల్పాటి గూడు ఒకటి ఉంది. దానికి అడ్డంగా ఒక పలక వేస్తే, గోనెసంచిలో మూలుగుతున్న కథల పుస్తకాలు పైకెక్కుతాయని ఆమె ఆశ. వాళ్ల ఇంటి పాత తలుపు విప్పితే మిగిలిన టేకు పలకను ఆటోలో వేసుకొచ్చింది. వాళ్ల బాపు తన చేత్తో చిత్రిక పట్టిన పలక. అలాంటిది ఇంకొకటి లేదు. గూడు కంటే జానెడు పొడుగుంది. సరిగా కోస్తే అల్మారీ, పొట్టిగా కోస్తే పొయ్యిలో కట్టె.

వాడకట్టులో అందరూ చాచా అని పిలిచే వడ్రంగి వచ్చి జేబులోంచి టేపు తీయబోయాడు. ఆమె ఆపింది.

"టేపు తియ్యకుండ్రి చాచా. పిల్లలు కొలుస్తరు. వాళ్లు ఎంతంటే గంతే కొయ్యుండ్రి."

"టేకు బేటీ గిది, చాక్‌పీసు గాదు! పొట్టిగైతె మల్ల సాగదీయనీకె నాతోని గాదు."

"ఎర్కనే చాచా."

"సారూ, జర నువ్వన్న చెప్పరాదు!"

కొలతల విషయంలో నా సాక్ష్యం చెల్లదని పక్కకు జరిగాను.

తరగతిలో పదముగ్గురు. ముగ్గురు చొప్పున నాలుగు జట్లయ్యాక ఒక పిల్ల మిగిలింది. చేప కొస గురించి అడిగిన పిల్లే. ప్రతి జట్టులో ఒకరు ముప్పై సెంటీమీటర్ల స్కేలు పెట్టాలి, ఒకరు అది ముగిసిన చోట వేలు ఆనించాలి, ఒకరు రాయాలి. గూడు వెడల్పు మూడు జట్లకు నూట నలభై ఒకటి వచ్చింది, ఒకదానికి నూట నలభై. ఒంటరి పిల్లకు నూట నలభై ఐదు.

"అందరికి తప్పొచ్చి నీకొక్కదానికే ఒప్పొచ్చిందా!" అన్నాడొకడు.

"మల్ల కొలిచిన. గంతే వచ్చింది" అంది ఆ పిల్ల, స్కేలు వదలకుండా.

"నూట నలభై ఒకటి ఖాయం చేద్దాం టీచర్" అన్నాను నేను. నలుగురు కలిసి చెబితే నిజమైపోతుందన్న నమ్మకం మీదే కదా నా బతుకంతా నడిచింది. చాచా రంపం చేతిలోకి తీసుకున్నాడు.

టీచరమ్మ ఎవరిదీ తప్పనలేదు. మూలనున్న మీటరు కర్ర తెచ్చి కింద పెట్టింది. "గిదెంత పొడుగు?"

"మీటరు!" అని పదమూడు గొంతులు.

"అయితే కొలువుండ్రి."

మొదటి జట్టుకు తొంభై ఏడు వచ్చింది. రెండో జట్టుకూ అంతే. "కర్ర అరిగింది టీచర్" అన్నారు. ఆ పిల్లకు మాత్రం సరిగ్గా వంద.

"కర్రను సూడకుండ్రి. చేతులు సూడుండ్రి" అంది ఆమె. మొదటి జట్టు మళ్లీ కొలుస్తుంటే అందరూ చుట్టూ మూగారు.

"అరే, నీ వేలు! వేలు అవతల వెట్టినవ్ రా స్కేలు!"

అదీ సంగతి. స్కేలు ముగిసిన చోట వేలు పెట్టి, రెండోసారి స్కేలును వేలికి అవతలి పక్క నుంచి మొదలుపెడుతున్నారు. వేలి కింద ఉన్న సెంటీమీటరు ఎవరి లెక్కలోకీ రావడం లేదు. మీటరు కర్రకు మూడు వేళ్లు, గూటికి నాలుగు. నూట నలభై వచ్చిన జట్టులో వేలు కాస్త లావు.

"మరి నువ్వేం జేసినవే?" అని టీచరమ్మ ఆ పిల్లను అడిగింది.

"నాకు వేలు వెట్టెటోళ్లు లేరాయె. పెన్సిల్‌తోని గీత గీసి, గీత మీద స్కేలు సున్నను వెట్టిన."

అందరూ గీతలు గీసి గూటిని మళ్లీ కొలిచారు. ఈసారి అందరికీ నూట నలభై ఐదే. చాచా చెవి మీది పెన్సిల్ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "రా బేటీ. పలక మీద నువ్వే గియ్యి."

ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, స్కేలు ఐదుసార్లు పెట్టి, నాలుక కొరుక్కుంటూ ఆఖరి గీత గీసింది. రంపం దాని మీద నడిచినంతసేపూ టీచరమ్మ కొంగు కొస పిడికిట్లో నలిగింది. పలక ఒక కొస గూట్లోకి వెళ్లింది, రెండోది కొంచెం మొరాయించింది. చాచా అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. ఠక్కున కూర్చుంది. పక్కన కాగితం దూరే సందు కూడా లేదు.

"ఇప్పుడు మీ టేపు తియ్యుండ్రి చాచా."

"ఎందుకు బేటీ, కూసున్నది గదా" అన్నాడాయన, పలకను నిమురుతూ.

గోనెసంచి విప్పారు. ఆ పిల్ల అన్నిటికంటే పెద్ద పుస్తకం పట్టుకుని పలక కింది అరలో నిలబెట్టబోయి ఆగింది, ఎత్తుకు స్కేలు ఆనించింది, తల అడ్డంగా ఊపింది.

"గిది పట్టది టీచర్. రెండు సెంటీమీటర్లు ఎక్కువున్నది."

"అయితే పండుకోవెట్టు బిడ్డా" అంది టీచరమ్మ. అప్పటికి గానీ ఆమె పిడికిట్లోంచి కొంగు జారలేదు.