పత్తి పరిచిన బాతు పెట్టె

2001 జూన్‌లో నన్ను చీరాలకు పడమటనున్న ఒక సెక్షన్‌కు ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్‌గా వేశారు. రేంజ్ ఆఫీసర్‌కు కింద, బీట్ ఆఫీసర్లకు పైన ఉండే ఉద్యోగం. అడవి పేరుకే, ఉన్నదంతా పత్తి, మిరప. చెరువు గట్ల మీది తాటి మోడుల్ని పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో మంటకు కొట్టుకుపోవడంతో, తొర్రల్లో గుడ్లు పెట్టే చిన్న తెల్ల బాతులకు చోటు లేకుండా పోయింది. వాటికి చెక్క పెట్టెలు కట్టించడం నాకు అప్పగించిన పని.

మోకాటి లోతు నీళ్లలో ఇనుప పైపులు పాతించి, వాటి మీద ఆరు పెట్టెలు బిగించాం. పాములు పాకకుండా పైపులకు నున్నటి రేకు చుట్టాం. ఈ బాతు గూటికి పుల్లా గడ్డీ తెచ్చుకోదు. అందుకని అడుగున చిత్రిక పట్టిన చెక్కపొట్టు పోశాం. పిల్లలు ఎక్కిరావడానికి, బాతు వచ్చిపోయే రంధ్రం కింద లోపలి చెక్కకు ఉలితో గాట్లు పెట్టించాం. గట్టు పక్కనే మిరప చేను ఉన్న సుబ్బమ్మ గారిని కనిపెట్టి ఉండమన్నాను. ఆగస్టులో ఒక జంట దిగింది.

సెప్టెంబరులో ఆవిడ కబురు చేస్తే వెళ్లాను. తల్లి నీళ్ల మీద తిరుగుతూ పిలుస్తోంది. పెట్టెలో పిల్లలు అరుస్తున్నాయి, ఒక్కటీ దూకడం లేదు.

"నిన్న పొద్దుట్నుంచీ ఇదే గోల మేడంగారూ," అన్నారు సుబ్బమ్మ గారు.

ఈ బాతు గూట్లోకి మేత తేదు. పుట్టిన మర్నాటికి పిల్లలే దూకి నీళ్లు చేరాలి, లేకుంటే చస్తాయి. గుడ్లు పెట్టాక పెట్టె తెరవకూడదని మాకు ఉత్తర్వు. రేంజ్ ఆఫీసర్‌ను అడిగి అనుమతి తెచ్చుకోవాలంటే సాయంత్రమవుతుందన్నాను.

"అందాకా ఇవి ఉంటాయా? రాసుకునేది తర్వాత రాసుకోండి. నిచ్చెన నే పట్టుకుంటా, ఎక్కండి."

ఎక్కి మూత తీశాను. లోపల గాట్లు కనిపించనంత పత్తి. దాని పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుని బిగుసుకున్నాయి.

"ఇదేంటండీ?" అన్నాను.

"గింజ తీసిన మంచి పత్తి. బాతు రాకముందే పెట్టా. మా కోడలి పురిటికి దాచిందాంట్లోదే. బాలింతని చెక్కపొట్టు మీద పడుకోబెడతామా ఏంటి?"

ఆవిడ ఒక్కొక్క పిల్లనీ పట్టుకుంటే నేను కత్తెరతో పోగులు తీశాను. తొమ్మిదింటిలో ఒకదాని కాలు అప్పటికే నల్లబడింది, అది బతకలేదు. పత్తి తీసేసి, కొత్త పొట్టు పోసి, మిగతావాటిని పెట్టెలోనే వదిలి గట్టెక్కాం. తడిసిన పత్తిని ఒళ్లో పెట్టుకుని ఆవిడ గట్టు మీద కూర్చున్నారు.

తల్లి మళ్లీ పిలిచింది. రంధ్రంలో ఒక తల కనిపించింది. ఎనిమిదీ ఒకదాని వెనక ఒకటి దూకాయి.

"మనింట్లో పిల్లయితే ఏడాదికి గానీ అడుగెయ్యదు. దీనికి మర్నాడే ప్రయాణమని నాకెవరు చెప్పారు?" అన్నారు సుబ్బమ్మ గారు.

ఉత్తర్వు మీరినందుకు సంజాయిషీ రాసిచ్చాను. రిటైరయ్యే దాకా ప్రతి పెట్టెనూ చెయ్యి లోపల పెట్టి చూసేదాన్ని: అడుగు నుంచి రంధ్రం దాకా గోరుకు పట్టు దొరుకుతుందా అని. మెత్తగా ఉందా అని చూడలేదు. ఎందుకలా చూస్తున్నానో మాత్రం కాపలా ఉండేవాళ్లకు ముందే చెప్పేదాన్ని.