సేవలు ఇక అవసరం లేవు

నా తమ్ముడు సైన్యంలో పద్నాలుగేళ్ళు పనిచేశాడు. పదిహేనేళ్ళు నిండితే పెన్షన్ వచ్చేది. నిండడానికి కొన్ని నెలల ముందు అతన్ని ఇంటికి పంపించివేశారు. డిశ్చార్జి పుస్తకంలో కారణం రాయవలసిన చోట ‘సేవలు ఇక అవసరం లేవు’ అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం, దాని కింద ఒక అధికారి సంతకం ఉన్నాయి. అంతకు మించి వివరణ లేదు.

ఆ సంతకం చేసిన పెద్దమనిషి కోనసీమ లంకలను చూసి ఉండడు. మా ఊరికి నాలుగు వైపులా గోదావరే. తమ్ముడి మీద మోపిన తప్పులు నాలుగు. నాలుగూ సెలవు ముగిశాక ఆలస్యంగా చేరినందుకే, నాలుగూ ఎర్ర సిరాతో నమోదైనవే. అటువంటివి నాలుగైతే మనిషిని ఇంటికి పంపించివేయవచ్చు. అతను తాగి పడిపోలేదు, ఎవరి మీదా చేయి చేసుకోలేదు. ఆ నాలుగు ఆలస్యాలూ వర్షాకాలంలోనివే. రేవులో పడవలు ఆగిపోయిన రోజులకు ఊరి రెవెన్యూ ఉద్యోగి చేత ధ్రువపత్రాలు రాయించి తెప్పించాను. నది దాటలేకపోయిన మనిషిని క్రమశిక్షణ లేనివాడన్నారు. ఎందుకు దాటలేకపోయావని ఒక్కరూ అడగలేదు. అడిగినట్టు ఒక్క కాగితం చూపమనండి, నేను రాసినదంతా వెనక్కి తీసుకుంటాను.

నేను కువైట్‌లో, అమ్ఘరా అనే చోట భవన సామగ్రి అమ్మే యార్డులో స్టోర్స్ చూస్తాను. సగం జీవితం అక్కడే గడిచింది. లోపలికి వచ్చిన ప్రతి ఇనుప కడ్డీకీ బయటికి వెళ్ళిన ప్రతి సిమెంటు బస్తాకూ ఆధారం ఉంచడం నా ఉద్యోగం. ఒక మనిషిని బయటికి పంపడానికి ఇంత తక్కువ ఆధారం చాలునని నాకు తెలియదు.

తమ్ముడు ఆ తరువాత రాజమండ్రిలో ఒక నగల దుకాణం ముందు కాపలా ఉండేవాడు. ఒకరోజు అక్కడి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నేను వెళ్ళి దహనం చేయించి వచ్చాను. అతని భార్య మాత్రం రాలేదు. ఆమె కూడా అప్పటికే కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లోని ఒక ఇంట్లో పనిచేస్తోంది. “మామా సెలవియ్యలేదండి, బావగారూ” అని ఫోనులో చెప్పింది. ఇక్కడ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారు. ఆ ఇంటి యజమానురాలి మీద ఆనాడు పుట్టిన కోపం నాలో ఏళ్ళ తరబడి చల్లారలేదు.

దహనం అయి వచ్చిన నెలలోనే అర్జీ మొదలుపెట్టాను. ఆ వాక్యాన్ని కొట్టివేసి గౌరవమైన విడుదలగా మార్చాలని, తక్కువైన నెలలను సర్వీసులో కలపాలని నా ప్రార్థన. అది నెగ్గితే మరదలికి కుటుంబ పెన్షన్ వస్తుంది. ఆమె ఈ చాకిరీ వదిలి, నర్సింగు చదువుతున్న కూతురి దగ్గరకు వెళ్ళిపోవచ్చు. అయితే సైనికుడు లేనప్పుడు అర్జీ పెట్టుకునే హక్కు భార్యదే. భార్య బతికి ఉండగా అన్నకు అందులో స్థానం లేదు. కాబట్టి ఆమె ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి, దాని మీద మన దేశపు కార్యాలయం వారి ముద్ర పడాలి.

ఆమె పాస్‌పోర్టు మామా బీరువాలో ఉండేది. గడువు తీరవచ్చినందున, కొత్తది చేయించుకు రమ్మని మామా దాన్ని తీసి చేతికిచ్చి ఒక పూట పంపింది. రెండు పనులూ ఒకే పూటలో అవుతాయని నేనుండే అబూ హలీఫా నుంచి కారు తీసుకుని వెళ్ళాను. ఆ ఇంటి గేటు దగ్గర ఆమె నన్ను ఎప్పుడూ అన్నయ్యననే పరిచయం చేస్తుంది. బావగారంటే ఏమిటో అరబ్బీలో వివరించే శ్రమ తప్పించుకుంటోందని అనుకునేవాణ్ణి.

“అర్జీ ఎన్ని పేజీలొచ్చిందండి?” అని దారిలో అడిగింది.

“పదహారు. జతపరచినవి వేరే.”

“బాబోయ్! ఆయన నాకు రాసిన ఉత్తరాలన్నీ కుట్టినా అంతుండవండి” అని నవ్వింది. ఆమె నవ్వడం చూసి చాలా కాలమైంది.

కౌంటర్‌లో ఉన్న మన కార్యాలయం ఉద్యోగిని హైదరాబాదు మనిషి. ప్రమాణపత్రం మొత్తం చదివింది. పాస్‌పోర్టు తిప్పి చూసింది. మళ్ళీ ప్రమాణపత్రం చూసింది.

“అంకుల్, ఈమె ఎవరి భార్య?”

“అందులో రాశాను కదమ్మా. మరణించిన సైనికుడి భార్య.”

“పాస్‌పోర్టుల భర్త పేరే లేదు. ఖాళీ ఉన్నది, చూడుండ్రి. అప్పుడు సింగిల్ అని పెట్టిన్రు. పుట్టిన సంవత్సరం గూడ కలుస్తలేదు.”

నేను చూశాను. నిజంగానే ఖాళీ. ఇది అచ్చు పొరపాటని, సరిదిద్ది ముద్ర వేయమని గట్టిగానే అన్నాను. పద్నాలుగేళ్ళ సర్వీసు గురించీ నాలుగు వరదల గురించీ చెప్పడం ప్రారంభించాను.

“నా మీద అరవకుండ్రి అంకుల్. మీ తమ్మున్ని ఎల్లగొట్టింది నేను కాదు.” తరువాత గొంతు తగ్గించింది. “మస్తు మంచిగ రాసిన్రు. కానీ ముందు పాస్‌పోర్టు సరిచెయ్యాలె. తప్పు వివరాలు ఎందుకిచ్చిన్రని అడుగుతరు. కొత్త పాస్‌పోర్టుకు ఇఖామా, ఈడ ఉండే పర్మిట్, కలవదు. కఫీల్, ఆమెను పనికి పెట్టుకున్న ఇంటాయన, ఒప్పుకోవాలె. ఒప్పుకుంటడా, మీకే తెల్సు. ఈ కాగితం నేను చూడలేదు, తీస్కపోండ్రి. మామూలు రెన్యువల్‌కు సింగిల్ అనే పెట్టాల్నా, మార్చాల్నా, ఆమెనే అడిగి చెప్పుండ్రి.”

బయట గోడ నీడలో నిలబడ్డాము. మరదలు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

“ఏజెంటు చేశాడండి. వయసు తక్కువైతే పంపరని తొమ్మిదేళ్ళు పెంచాడు. మొగుడు మిలట్రీ అంటే ఎంక్వయిరీలొస్తాయన్నాడు. పెళ్ళికాని మనిషైతే సెలవలడగదని ఇళ్ళవాళ్ళు ముందు తీసుకుంటారన్నాడండి.”

“వాడికి తెలుసా?” అన్నాను, తమ్ముణ్ణి ఉద్దేశించి.

“ఆయ్. ఆయనే ఒప్పించేరండి. నేను ఏడిచేను. నా పేరుతో నీకు ఒరిగేదేంటే, వదిలెయ్ అన్నారు.”

నేను పదహారు పేజీలు రాసింది ఆ పేరు కోసమే.

“మరి వాడు పోయిన రోజు?” అన్నాను.

“ఏమని అడగనండి సెలవు? పెళ్ళే లేనిదానికి మొగుడెలా పోతాడు? అక్క మొగుడు పోయాడని చెప్పేను. ఆవిడ మంచిదేనండి, చెయ్యి పట్టుకుని జాలి పడింది. అక్క మొగుడికి నువ్వెళ్ళడం దేనికి, మీ అన్నయ్య వెళ్తున్నాడుగా అంది. ఆ సాయంత్రం చుట్టాలొచ్చేరు. చేపలు వేయించేను.”

కూతురు కూడా వీడియో ఫోనులో తనను పిన్నీ అనే పిలుస్తుందట. అమ్మా అంటే ఆ ఇంటి పిల్లలు పోల్చుకుంటారని నేర్పించిందట. ఇదంతా ఆమె మామూలు గొంతుతోనే చెప్పింది. ఆ ఏజెంటు మీద ఫిర్యాదు చేయవచ్చనీ, పాస్‌పోర్టు దిద్దించుకోవడానికి క్రమబద్ధమైన మార్గం ఉందనీ నేను ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. ఆమె చివరిదాకా విన్నది.

“ఈ అర్జీ తేలడానికి ఎన్నాళ్ళు పడుతుందండి?”

“చెప్పలేనమ్మా.”

“నెగ్గుతుందాండి?”

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. నెగ్గాలి అన్నాను.

“పాస్‌పోర్టు దిద్దిస్తే నన్ను మర్నాడే పంపించేస్తారు. అదొక్కటి మాత్రం చెప్పచ్చండి. పిల్లకింకా రెండేళ్ళ చదువుంది, బావగారూ.”

లోపలికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. కౌంటర్‌లో ఆవిడ ఫారం ముందుకు జరిపింది. “పాతదే ఉంచండమ్మా” అన్నది మరదలు. అని, పెళ్ళికాని స్త్రీగా, తన వయసు కాని వయసుతో, ఎదుట నేను నిలబడి ఉండగా సంతకం చేసింది. తమ్ముడి నాలుగు ఆలస్యాలకూ నా దగ్గర సాక్ష్యం ఉంది. అతనికి భార్య ఉన్నదనడానికి సాక్ష్యమైన ఒకే ఒక్క మనిషి ఆ సంతకం చేస్తుంటే నేను ఆమె చేతిసంచీ పట్టుకుని నిలబడ్డాను.

ముబారక్ అల్ కబీర్ చేరేసరికి మామా గేటు దగ్గరే ఉంది. నేను ఇన్నేళ్ళూ ఊహించుకున్న మనిషి కాదు. మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని నిలబడిన నా ఈడు మనిషి.

“ఖలాస్?” అని అడిగింది.

“ఖలాస్, మామా” అంది మరదలు.

మామా సంతోషించింది. ఎండలో వచ్చానని నా చేతికి చల్లని మజ్జిగ సీసా ఇచ్చింది. తరువాత నావైపు వేలు చూపించి, కోపం నటిస్తూ అరబ్బీలో అన్నది:

“ఏమి అన్నవయ్యా నువ్వు! చెల్లెలికి జుట్టు నెరిసిపోతోంది, ఇంతవరకు ఒక్క మగవాణ్ణి వెతకలేకపోయావా? మంచి పిల్ల. నా కూతురైతే ఇలా వదిలేసేదాన్ని కాదు.”

మరదలు నావైపు చూడలేదు. అర్జీ ఉన్న కవరు నా చంకలో ఉంది.

“వెతుకుతున్నానమ్మా” అన్నాను.