నేను కనిపించకుండా చేసిన ఫోల్డర్

కొన్నేళ్ల కిందట ఒక సమావేశంలో నేనొక మాట చెప్పాల్సింది. "ఆ ఫోల్డర్‌ను ఎడిటర్‌కు కనిపించకుండా చేసింది నేనే" అన్న మాట. చెప్పలేదు. దానికి బదులు ఇంకో మాట అన్నాను. దాని ఫలితం ఒక అమ్మాయి అనుభవించింది. ఇప్పుడు రాస్తున్నది ఆ సంగతే.

అప్పట్లో మేం రక్తపరీక్షల కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. రోగి పేరు రాసుకోవడం మొదలు, చేతికొచ్చే రిపోర్టు దాకా అన్నీ దాంట్లోంచే. ఆఫీసు మాదాపూర్‌లో. నేను కూకట్‌పల్లి నుంచి వచ్చేవాణ్ణి. టీమ్‌లో సీనియర్‌ని. ఈ పనిలో నాకు చేయి తిరిగిందని అప్పుడూ అనుకునేవాణ్ణి, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఎవరి ఎడిటర్, అంటే కోడ్ రాసుకునే ప్రోగ్రామ్, మొరాయించినా నా దగ్గరికే వచ్చేవారు.

కోడ్ రాసే ఎడిటర్ వెనకాల లాంగ్వేజ్ సర్వర్ అని ఒక ప్రోగ్రామ్ నడుస్తూ ఉంటుంది. మనం రాసిన కోడ్ మొత్తాన్ని అది చదువుతుంది. తప్పనిపిస్తే కింద ఎర్రగీత గీస్తుంది. ఫలానా ఫంక్షన్‌ను, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కను, ఎక్కడెక్కడ వాడారో అడిగితే చూపిస్తుంది. చిక్కేమిటంటే, ఏది అక్కర్లేదో దానికి తెలియదు. బయటివాళ్లు రాసిపెట్టిన కోడ్ లైబ్రరీలు, యంత్రం పుట్టించిన ఫైళ్లు, అన్నీ చదువుతూ కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ రొద పెడుతుంది. అక్షరం కొడితే కాసేపటికి గానీ తెరమీద పడదు. అందుకని ఫలానా ఫోల్డర్ల జోలికి పోవద్దని సెట్టింగ్స్‌లో రాసిపెట్టాలి. మా ప్రాజెక్టుకు ఆ సెట్టింగ్స్ రాసింది నేను. అవి ప్రాజెక్టుతో పాటే అందరి ల్యాప్‌టాప్‌లలోకీ వెళ్లేవి. వాటిని తెరిచి చదివినవాళ్లు ఎవరూ లేరు. నేను రాశానంటే చాలు.

లైబ్రరీలను తప్పించాను, యంత్రం పుట్టించిన ఫైళ్లను తప్పించాను. ఎడిటర్ పరుగెత్తింది. అంతవరకు నేను చేసింది మంచి పనే, ఎవరు అడిగినా అదే చెబుతాను. ఆ ఊపులో ఇంకొకటి చేశాను. పాత కేంద్రాల్లో రిపోర్టులు అచ్చువేసే కోడ్ ఒక ఫోల్డర్‌లో ఉండేది. ఎప్పుడో రాసిన కోడ్, తెరిస్తే అంతా ఎర్రగీతలే. చూసినప్పుడల్లా చిరాకు. ఇలాంటి చోటికి వేరే సెట్టింగ్ ఉంది. అది పెడితే సర్వర్ ఫోల్డర్‌ను చదువుతుంది, ఎర్రగీతలు మాత్రం చూపించదు. నేను అది పెట్టలేదు. లైబ్రరీల వరసలోనే ఈ ఫోల్డర్‌నూ చేర్చి, అసలు చదవకుండానే చేశాను. మామూలుగా పేరు కొట్టి వెతికినా తగలకుండా చేశాను. తెర శుభ్రమైంది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ అమ్మాయి తర్వాత చేరింది. వికారాబాద్ వైపు ఊరు. రోజూ లింగంపల్లి దాకా రైల్లో వచ్చి, అక్కణ్నుంచి ఆటో ఎక్కేది. చేరిన రోజే నా పక్కన కుర్చీ వేసుకుని సెట్టింగ్స్ పెట్టించుకుంది.

"ఇగ నాది గూడ నీ లెక్కనే ఉరుకుతది గదా అన్నా?"

"ఉరక్కపోతే నన్నడుగు" అన్నాను.

రోగి వయసు లెక్కగట్టే ఫంక్షన్ ఒకటి పాతబడింది. దాని పేరూ, వాడే తీరూ మార్చే పని ఆమెకు ఇచ్చారు. ఎక్కడెక్కడ వాడారో ఎడిటర్‌ను అడిగింది. చూపించిన ప్రతిచోటా మార్చింది. పేరు కొట్టి మళ్లీ వెతికింది, ఏమీ మిగల్లేదు. నేనూ చూసి సరే అన్నాను. మర్నాడు పొద్దున పాత కేంద్రాల్లో రిపోర్టులు అచ్చుకావడం ఆగిపోయింది. కౌంటర్ల ముందు జనం, మాకు ఫోన్ల మీద ఫోన్లు. పాత కోడ్ ఆ ఫంక్షన్‌ను ఇంకా పాత పేరుతోనే పిలుస్తోంది. ఆ పేరుతో ఇప్పుడు ఏమీ లేదు.

మధ్యాహ్నానికి సరిచేశాం. సరిచేస్తుండగానే ఆమెకు అది ఎందుకు కనిపించలేదో నాకు అర్థమైంది.

మా టీమ్‌లో ఒక పద్ధతి ఉండేది. ఏదైనా ఆగిపోతే, ఆ మార్పు చేసినవాళ్లు అందరి ముందూ తెర పక్కన నిలబడి ఏం జరిగిందో చెప్పాలి. ఇది శిక్ష కాదు, నేర్చుకోవడానికే అనేవాళ్లం. కూర్చున్నవాళ్లకు అలాగే ఉండేది.

"నేను చూసినన్నా. మొత్తం చూసిన. ఆ ఫోల్డర్‌ల వాడుతున్నరని నాకు ఎక్కడ చూపెట్టలే" అంది ఆమె.

"అయితే ఎడిటర్ మీద కేసు పెడదామా?" అన్నాడు వెనక వరసలోంచి ఒకతను. అందరూ నవ్వారు.

"మజాక్ కాదన్నా, నిజంగనే చూపెట్టలే." నా వైపు తిరిగింది. "నీ సెట్టింగ్సే గదా నావి గూడ. నువ్వన్న చెప్పు."

టీమ్ లీడ్‌గా ఎవరిని వేయాలో అప్పుడే తేలుస్తున్నారు. నా పేరు ముందుంది.

"ఇంకాస్త జాగ్రత్తగా వెతకాల్సిందమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి వెళ్లి కూర్చుంది. ఆ వారంలోనే సెట్టింగ్స్‌ను సరిదిద్దాను, వేరే మార్పుల్లో కలిపి, ఎవరికీ చెప్పకుండా.

తర్వాత ఆమె చిన్న మార్పు చేసినా పక్కవాళ్లకు చూపించేది. ఎడిటర్ చెప్పింది నమ్మక ఫైళ్లన్నీ తానే తెరిచి చదివేది. పని ఆలస్యమయ్యేది, ఆలస్యానికి మళ్లీ మాటలు. చివరికి కోడ్ రాయడం తనవల్ల కాదని టెస్టింగ్ టీమ్‌కు మారిపోయింది. అదే భవనంలో, మాకు కింది అంతస్తు. లిఫ్టులో ఎదురైతే "బాగున్నవా అన్నా" అనేది. నేను లీడ్‌నయ్యాను.

ఈమధ్య మా టీమ్‌లో ఒక ఖాళీ వచ్చింది. మేనేజర్ నన్ను పిలిచాడు. కడప మనిషి, ఆనాటి సమావేశంలోనూ ఉన్నవాడే.

"టెస్టింగ్‌లో ఉండే ఆ పాప అప్లై చేసిందబ్బా, మళ్లీ కోడ్ రాస్తానని. పనిమంతురాలే అంటాండారు. కానీ అప్పుడు రిపోర్టులు ఆపేసింది ఆ పాపే కదా? నువ్వు ఊ అంటే పిలుస్తా, లేకుంటే వదిలేద్దాం."

ఆమె మళ్లీ కోడ్ రాయడం నా ఒక్క మాట మీద ఆగి ఉంది.

"ఆపింది ఆమె కాదు, నేను" అన్నాను. మొత్తం చెప్పాను, ఆనాడు నేనన్న మాటతో సహా.

"ఇన్నేండ్లు ఏం జేస్తాంటివి సామీ?"

"లీడ్‌గా ఉన్నాను."

ఆయన నవ్వలేదు. "పాపను ఇంటర్వ్యూకు పిలుస్తా. ఆ పొద్దు రూంలో ఉన్నోళ్లందరికీ నువ్వు రాయి. ఆ పాపకు మాత్రం రాయొద్దు, పోయి చెప్పు."

అందరికీ రాశాను, కంపెనీ వదిలి వెళ్లినవాళ్లకు కూడా. నా తప్పును మెత్తగా చేసి రాయలేదు. ఆ ఉద్యోగం తర్వాత ఆమెకే వచ్చింది, ఆమె చెప్పిన జవాబుల వల్ల వచ్చింది. ఇప్పుడు మా వరసలోనే కూర్చుంటుంది. కానీ ఇంటర్వ్యూకు ముందే ఆమెకు నిజం తెలియాలనుకున్నాను. మేనేజర్‌తో మాట్లాడిన సాయంత్రమే ల్యాప్‌టాప్ పట్టుకుని క్యాంటీన్‌కు వెళ్లాను. ఆమె చాయ్ తాగుతోంది. ఇప్పుడు ఆమె ఇల్లు గోపన్‌పల్లిలో.

"జల్ది చెప్పన్నా, గోపన్‌పల్లి పోవాలె. బిడ్డ ఎదురుచూస్తుంటది."

ల్యాప్‌టాప్ తెరిచి చూపించడం మొదలుపెట్టాను. ఈ సెట్టింగ్ పెడితే అసలు చదవదు, ఇది పెడితే చదువుతుంది కానీ గీతలు చూపించదు, నేను పెట్టాల్సింది ఇది, పెట్టింది అది. పాఠం చెప్పడం నాకు తేలిక. ఆమె చాయ్ పక్కన పెట్టి విన్నది.

"అంటే నేనెంత వెతికినా దొరకకపోవునా?"

"దొరికే వీలే లేదు."

"నీకు ఆనాడే తెలుసా?"

"తెలుసు."

"నా కండ్లే సక్కగ లేవేమో అనుకున్నన్నా. అద్దాలు గూడ మార్పిచ్చుకున్న" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

నేను తెర మీద ఇంకో వరస చూపించబోయాను.

"అది మూసెయ్యన్నా. సెట్టింగ్ సంగతి నాకు సమజైంది. నువ్వు చెప్పేది ఏందో అది చెప్పు."

ల్యాప్‌టాప్ మూశాను.

"ఆ రోజు నువ్వు సరిగ్గానే చూశావు. తప్పు నాదని తెలిసి కూడా అందరి ముందూ నీ మీదికి తోశాను. నన్ను క్షమించమ్మా" అన్నాను.