తేలు జారే గోడలు

మక్తల్ బజారులో ఆ దుకాణం తెరిచినప్పటి నుంచి గోడకు వేసే ప్లాస్టిక్ పలకను ఎండలోకి మోసుకొచ్చి, సంతలో పొట్టేలును చూసినట్టు చూసిన మనిషి సత్తమ్మ ఒక్కతే. పదడుగుల పలక అది. ఒక కొస మొగుడు బీరప్ప పట్టుకున్నాడు. పట్టుకోక ఏం చేస్తాడు, ముప్పై అయిదేళ్ల కాపురం! రెండో కొస తనే పట్టుకుని బొటనవేలితో నొక్కింది, వంచింది, వెనక్కి తిప్పింది, లోపల బోలుగా ఉన్న గదుల్లోకి ఒంటికన్నుతో తొంగిచూసింది. దుకాణం సేటు నవ్వు ఆపుకోలేక రోడ్డు వైపు తిరిగాడు.

"గిప్పుడంత చెక్క డిజైనే నడుస్తాంది అమ్మా. జర అది సూడుండ్రి," అన్నాడు.

"ముదురు రంగు నాకెందుకు నాయినా? దాని మీద నల్లతేలు కూసుంటె నీకు కనవడ్తదా?"

బాత్రూం గోడకు పలకలు కొనడానికి వచ్చినవాళ్లు పూల గురించి అడుగుతారు, మెరుపు గురించి అడుగుతారు. తేళ్ల గురించి అడిగినవాళ్లు అంతవరకు లేరు.

సత్తమ్మ బాధ సత్తమ్మది. ఇంటి వెనక నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు ఉన్న చిన్న బాత్రూం ఆమెది. బోరు నీళ్ల ఉప్పుకు సిమెంటు ఉబ్బి, అట్టలు అట్టలుగా ఊడి, గోడ నిండా నెర్రెలు పడ్డాయి. పోయిన వానాకాలం సబ్బు కోసం చెయ్యి చాపితే నెర్రెలో ఉన్న తేలు కుట్టింది. భుజం దాకా మంట! దవాఖానలో సూది వేయించుకుని వచ్చాక రెండు రోజులు అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయింది.

ఆ రోజు నుంచి బాత్రూంలో కాలు పెట్టలేదు. పాత పద్ధతే దిక్కయింది. తెల్లారకముందే నులకమంచం నిలబెట్టి, దాని మీద చీర కప్పి, ఆ చాటున నాలుగు చెంబులు గబగబా కుమ్మరించుకోవడం. పక్కింటివాళ్లు మేడ కట్టి బయటి నుంచి మెట్లు వేశాక ఆ చాటు కూడా చాటు కాకుండా పోయింది. ఎవరు మిద్దె ఎక్కినా కింద సత్తమ్మ తల కనబడుతుంది. ఒంటి మీది చీర ఒంటి మీదే తడవాలి, ఒంటి మీదే ఆరాలి. అదీ ఒక స్నానమేనా? గొర్రెనైనా ఇంతకన్నా నిదానంగా కడుగుతారు.

ఇట్లా ఉండగా ఆత్మకూర్‌లో చుట్టాల పెళ్లికి పోయి, వాళ్ల బాత్రూంలో ఈ పలకలు చూసింది. చెయ్యి పెట్టి రాసింది, గోరుతో గీకింది. నున్నగా, అద్దంలా, ఎక్కడా నెర్రె అన్నది లేదు! పెళ్లి భోజనం ఏం తిన్నదో ఆమెకు గుర్తు లేదు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకముందే మొగుణ్ని పట్టుకుంది. నెల తిరగకుండా రెండు పొట్టేళ్లు సంతకు పోయాయి. బీరప్ప గోడల నెర్రెలు గీకి, సిమెంటు పూశాడు. ఇప్పుడు ఇదిగో, మక్తల్‌లో ఉన్నారు.

పాలలాంటి తెలుపు మీద సన్నని నీలి గీతలున్న పలక నచ్చింది ఆమెకు. "గిదే. ఇరువై కట్టు," అంది.

పదడుగుల పలకలు ఆటోలో పట్టవు, కొలత చెబితే ఇక్కడే కోసిస్తానన్నాడు సేటు. సత్తమ్మ రొంటిన దోపుకున్న ఉన్నితాడు తీసింది. మంద వెంట తిరుగుతూ బీరప్ప వడికి పేనిన తాడు అది. గోడ ఎత్తు దగ్గర ముడి వేసి ఉంది.

"టేపుతోని కొలువలేదా అమ్మా?"

"టేపెందుకు? మా తాడు తప్పు జెప్పదు. నువ్వు కొయ్యి."

కోశాడు. మిగిలిన ముక్కలు అక్కడే వదిలిపెట్టమంటే ఆమె ఒప్పుకుంటుందా? కోళ్లగూటి మీద కప్పుతానని అవి కూడా మూటగట్టించింది.

మర్నాడు పొద్దున్నే పలకలు బిగించే దామోదర్ వచ్చాడు. డ్రిల్లింగ్ మిషన్ బుర్రుమంటుంటే సత్తమ్మకు ఎక్కడా కాలు నిలవలేదు. వంటింట్లోకి, బాత్రూంలోకి, మళ్లీ వంటింట్లోకి. చాయ్ మూడుసార్లు పెట్టింది, మూడోసారి చక్కెర మరిచిపోయింది. గోడలకు పట్టీలు కొట్టి, దామోదర్ మొదటి పలకను మూలన నిలబెట్టి పైకి చూశాడు.

"నాలుగేళ్లు పొట్టిగున్నదమ్మా," అన్నాడు, చేతి వేళ్లు నాలుగూ చూపిస్తూ.

"మొన్న సరిపొయ్యింది గద!"

తాడు తెచ్చి పట్టింది. తాడు కూడా నాలుగు వేళ్లు పొట్టి! అప్పుడు తగిలింది ఆమెకు దెబ్బ. కొలిచిన రోజు తాడు బకెట్లో పడింది. పిండి, అట్లాగే తడిగా లాగి పట్టి ముడి వేసింది. తర్వాత కంచె మీద ఆరేసింది. తడిసిన ఉన్ని లాగితే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. కొత్త గొంగడిని తడిపి ఆరేసే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి ఇది ఒకరు చెప్పాలా!

"కురుమోల్ల ఇంట్ల పుట్టి ఉన్నితాడు తడిపి కొలిస్తివా!" బీరప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు దామోదర్. "మీద నాలుగేళ్లు ఎవరు సూస్తరు? అట్లనే ఇడిసిపెడ్దం."

"సూసెటోల్ల సంగతి కాదు బిడ్డా, దూరెటోల్ల సంగతి! ఆ సందుల నుంచి తేలు దూరితె పలక ఎనుక పిల్లజెల్లతోని కాపురం పెడ్తది. ఇంకా నేను దాంట్ల అడుగు పెడ్తనా?"

గడప మీద కూలబడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోసిన సరుకు సేటు వాపసు తీసుకోడు. అమ్మడానికి ఇంకో పొట్టేలు లేదు. మళ్లీ ఆ మంచం, ఆ చీర, ఆ మిద్దె. తన తెలివే తనను ముంచిందని ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. బీరప్ప నవ్వు ఆపేశాడు.

ముక్కు చీదుకుంటూ తలెత్తేసరికి కోళ్లగూటి పక్కన మూట కనిపించింది. ఎదిగిన పిల్లకు లంగా పొట్టిదైతే ఏం చేస్తారు? పారేస్తారా? అంచు కుడతారు! సత్తమ్మ దిగ్గున లేచింది.

"దామోదర్! గా ముక్కలు సన్నగ కోసి, అడ్డంగ ఎయ్యొస్తదా?"

దామోదర్ ఒకసారి మూటను, ఒకసారి గోడను చూశాడు. "ఎందుకు రాదు? శాన మంచిగొస్తది!"

ఇక చూడాలి ఆ ఇంట్లో సందడి! తెల్లని పొట్టు గాల్లో లేస్తోంది, కోళ్లు అరుచుకుంటూ పక్కింట్లోకి పారిపోయాయి. నిలువు పలకల పైన నాలుగు గోడల చుట్టూ అంచు వచ్చి కూర్చుంది. అతుకుల్లో గమ్ము నింపుతుంటే సత్తమ్మ స్టూలెక్కి ప్రతి అతుకూ వేలితో తడిమింది.

"గీడ సందున్నది."

"అమ్మా, గాడికెల్లి దారం సుత పోదు."

"దారం పోకున్నా మంచిదే, నువ్వు జర నింపు."

ఒక రోజంతా నీళ్లు తగలొద్దని చెప్పి పోయాడు దామోదర్. ఆ ఒక్క రోజు గడవడం ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. తలుపు తీసి చూసుకోవడం, వేసుకోవడం, మళ్లీ తీయడం.

మర్నాడు మంద దగ్గరి నుంచి బీరప్ప ఒక డబ్బా పట్టుకుని వచ్చాడు. అందులో తేలు! బండ కింద దొరికిందట. నిన్న నవ్వినందుకు నేరుగా తప్పు ఒప్పుకునే మనిషి కాదు, ఇట్లా ఒప్పుకున్నాడు. డబ్బాను బాత్రూం గోడవారకు వంచాడు. తేలు కాళ్లు ఆనించింది, లేచింది, జర్రున జారింది. ఇంకోసారి జారింది. మూడోసారి వెల్లకిలా పడింది.

"పడ్డది! పడ్డది!" సత్తమ్మ చప్పట్లు కొట్టింది.

తేలును దూరంగా గుట్ట మీద వదిలిపెట్టి రమ్మని మొగుణ్ని పంపి, నీళ్లు కాచుకుంది. పట్టపగలు, ఎండ నెత్తి మీద ఉండగా, బాత్రూంలోకి పోయి గడియ పెట్టింది. నెర్రెల గోడల మధ్య కూడా తెల్లారకముందే, చీరతోనే పోసుకున్న మనిషి. ఆ అలవాటు కొద్దీ చీరతోనే మొదటి చెంబు పోసుకుంది. రెండో చెంబు ఎత్తబోయి ఆగింది. పైకి చూసింది. కప్పు. చుట్టూ చూసింది. తెల్లని గోడలు, నీలి గీతలు. ఏ మిద్దె కన్నూ ఇక్కడికి రాదు. మెల్లగా కొంగు దించింది, కుచ్చిళ్లు లాగింది, తడిచీరను ఓ మూలకు వేసింది. యాభై రెండేళ్ల మనిషి, ఊహ తెలిశాక మొదటిసారి, ఒంటి మీద నూలుపోగు లేకుండా పగటి వెలుగులో కూర్చుంది. భుజాలు చూసుకుంది, పొట్ట మీది కాన్పుల చారలు చూసుకుంది. గోడకు వీపు ఆనించింది. చల్లగా ఉంది.

గుట్ట నుంచి తిరిగొచ్చిన బీరప్పకు బయట నీళ్ల చప్పుడు వినిపించలేదు. చాలాసేపు చూసి, పరుగున వచ్చి తలుపు బాదాడు.

"ఏమైందే సత్తీ? తేలా?"

"తేలు లేదు, గీలు లేదు. ఇంకో బకెట్ నీళ్లు కాగవెట్టు."