మా అన్నయ్య ఓడిన కుస్తీ

మొన్న ఆదివారం పొద్దున మా అబ్బాయి ఇంట్లో నేను టీవీ పెట్టుకుని కూర్చుంటే, ఎక్కడో విదేశంలో జరిగిన బాక్సింగ్ పోటీ చూపించారు. అందులో ఒకాయన ఒకప్పుడు ఎదురులేనివాడట, ఇప్పుడు గడ్డం నెరిసిపోయింది, కొడుకు ఈడు కుర్రాడి ముందు నిలబడి దెబ్బ మీద దెబ్బ తింటున్నాడు. కాలేజీలో చదివే మా మనవడు కాఫీ తాగుతూ, "ఈ వయసులో ఈయనకెందుకు నానమ్మా ఇదంతా? సంపాదించుకున్న పేరు చేతులారా పాడుచేసుకుంటున్నాడు" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు, నాకు మాత్రం ఇక కూర్చోబుద్ధి కాలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో గుర్తు రాక తిరిగొచ్చాను, డాబా ఎక్కి ఎండబోసిన మిరపకాయల్ని అవసరం లేకపోయినా అటూ ఇటూ కలిపి దిగొచ్చాను. నా ఈడువాళ్ళకి చెప్పనక్కర్లేదు, కొన్ని మాటలు అరికాల్లో ముల్లులా దిగి, నడిచినంతసేపూ కలుక్కుమంటూనే ఉంటాయి.

మాది ఒంగోలుకి దగ్గర్లో పత్తీ మిరపా పండే నల్లరేగడి పల్లె. అప్పటికి ప్రకాశం జిల్లా అన్న మాటే పుట్టలేదు, మేమంతా గుంటూరు జిల్లావాళ్ళమే. దూదేకులవాళ్ళం. మా నాయనా, అన్నయ్యా విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకీ దిండ్లకీ దూది ఏకి వచ్చేవాళ్ళు. సాయంత్రం ఇంటికి చేరేసరికి అన్నయ్య జుట్టూ కనుబొమలూ నూగు పట్టి తెల్లబడిపోయేవి, "పొద్దున కుర్రాడివై వెళ్ళి సాయంత్రానికి ముసలాడివై వచ్చావా నాయనా" అని అమ్మ నవ్వేది. అన్నయ్య నాకంటే చాలా పెద్దవాడు, నన్ను చంకన వేసుకుని తిప్పినవాడు. రోజంతా విల్లు మీటీ మీటీ రాటుదేలిన ఆ భుజాలు చూసి ఒంగోల్లో ఒక వస్తాదు కుస్తీ నేర్పే తన తాలింఖానాలో చేర్చుకున్నాడట. మీసం వచ్చీరాని వయసులోనే పొదిలి తిరునాళ్ళలో, పేరుమోసిన ఒక పెద్ద వస్తాదుని అన్నయ్య వెల్లకిలా పడగొట్టాడు. ఆ రోజు మొదలు ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ చుట్టుపక్కల గోదాల్లో అన్నయ్య వీపుకి మన్ను అంటించినవాడు లేడు. గుంటూరు మిరప కొట్లలో మూటలు మోసేవాళ్ళూ, కొత్తపట్నం రేవులో వలలు లాగేవాళ్ళూ కూడా మా ఊరి పేరు చెబితే, "ఆ వస్తాదు ఊరేనా మీది?" అని అడిగేవాళ్ళు.

ఇంత పేరున్న మనిషి కుస్తీ గెలవగా నేను ఒక్కసారీ చూడలేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా ఇంటి ఆడవాళ్ళు గోదా దగ్గరికి వెళ్ళే వాడుక లేదు. వెళితే దిష్టి తగులుతుందని అమ్మ భయం. అన్నయ్య అయితే, మీరొస్తే నా కళ్ళు అవతలివాడి కాళ్ళ మీద కాక మీ మీద ఉంటాయనేవాడు. అందుకని గెలుపు మాకు డప్పుల మోతై వచ్చేది. కాలవ మలుపు దగ్గర మోత వినపడగానే వదిన నీళ్ళకాగు కింద మంట ఎగదోసేది. కాసేపట్లో ఊళ్ళోవాళ్ళంతా మా అరుగు మీద చేరి, ఒకరి మెడ ఒకరు పట్టుకుని, అన్నయ్య ఎట్టా పట్టాడో ఎట్టా తిప్పాడో చేసి చూపించేవాళ్ళు. నేను అన్నయ్య గెలుపులన్నీ ఆ బక్కపలచని రైతుల ఒంటిమీదే చూశాను.

నేను ట్రైనింగు ముగించుకుని పక్క ఊరి బడిలో పంతులమ్మగా చేరిన రోజుల్లో అన్నయ్యకి నలభై దాటాయి. నాయన అప్పటికే పోయాడు. ఆ ఏడు పొదిలి నుంచి డప్పులు రాలేదు. అన్నయ్య ఒక్కడే నడిచొచ్చి, కాళ్ళు కడుక్కుని, కడుపునిండా తిని పడుకున్నాడు. జ్వరం మీద దిగాడనీ, గోదాలో మన్ను చెమ్మగా ఉందనీ ఊరు సర్దిచెప్పుకుంది. మరుసటేడు మళ్ళీ ఓడాడు. ఈసారి చెప్పుకోవడానికి సాకులు మిగల్లేదు, నాలుకలు అటునుంచి ఇటు తిరిగాయి. మా వస్తాదు మా వస్తాదని పొరుగూళ్ళలో గొప్పలు పోయిన పెద్దరైతే మా అరుగు మీద కూర్చుని, "ఒరేయ్ అబ్బాయ్, ఇంక చాలించు. కుండెడు పాలు పిండుకుని ఆఖర్న విషపుచుక్క వేసుకుంటావేంట్రా" అన్నాడు. అన్నయ్య తల ఊపాడు. తెల్లారి మళ్ళీ దండీలు తీస్తూ కనపడ్డాడు.

నాకు మనసు నిలవలేదు. బడిలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే నా చెవులు కాలవ మలుపు వైపు ఉండేవి. ఒకరోజు, అన్నయ్య వింటికి కొత్త నరం బిగిస్తుంటే పక్కన కూర్చుని, మానెయ్యరాదా అని అడిగేశాను.

"నాకీ పేరెట్టా వచ్చిందమ్మాయ్?" అన్నాడు. "పొదిలిలో ఆ పెద్దాయన్ని పడగొట్టినందుకేగా. వయసైపోయిందని ఆయన ఇంట్లో కూర్చునుంటే నేనెవర్ని? అట్టా ఎవరో ఒకరు దిగాలి, కిందపడాలి. లేకపోతే వెనకొచ్చే కుర్రాళ్ళు ఎవర్ని గెలిచి పైకొస్తారు?"

న్యాయంగానే తోచింది. కానీ ఆ సాయంత్రమే పక్క ఊరి డప్పు లీలగా వినపడితే, తింటున్నవాడు ముద్ద చేతిలోనే పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు మాత్రం, చెప్పిందంతా నాకోసం చెప్పిన మాటేమో, ఈ మనిషికి మానడం చేతకాదేమో అనిపించింది. ఆ రెంటిలో ఏది నిజమో ఆ రోజు తేల్చుకోలేకపోయాను.

ఆ ఏడాది ఒంగోలు పక్కన ఒక దర్గా ఉరుసులో అన్నయ్యకి కొత్తపట్నంలో చేపలు పట్టే పల్లెకారుల కుర్రాడితో కుస్తీకి జోడీ కట్టారు. వాడు అప్పటికే ఇద్దరు ముగ్గురు గట్టివాళ్ళని చిత్తు చేశాడని చెప్పుకుంటున్నారు. ఉరుసు రోజు పొద్దున్నే, ఏనాడూ అత్త ముందు గొంతెత్తి ఎరగని మా వదిన చీర మార్చుకుని వచ్చి, "నేనూ వెళతానత్తా" అంది. అమ్మ దిష్టి మాట ఎత్తబోయింది. "గెలిచినప్పుడల్లా ఊరంతా చూసింది. ఓడేటప్పుడైనా ఇంట్లోవాళ్ళం చూడొద్దా?" అంది వదిన. అన్నయ్య ముందే వెళ్ళిపోయాడు. మేమిద్దరం పొరుగువాళ్ళ బండెక్కి వెళ్ళి, గోదాకి దూరంగా బండి మీదే నిలబడి, కొంగులు తలమీదికి లాక్కుని చూశాం.

అన్నయ్య జబ్బలు చరుచుకుంటూ దిగాడు. ఇంట్లో నెమ్మదిగా నడిచే మనిషి అక్కడ ఇంకొకడు. చాలాసేపు ఇద్దరూ ఒకరి మెడలో ఒకరు తలపెట్టి గోదా అంతా తిరిగారు. ఒకసారి కుర్రాడి కాలు అన్నయ్యకి చిక్కింది, జనం ఒక్కపెట్టున లేచారు, వదిన నా చెయ్యి పట్టుకుంది. అంతలో అన్నయ్య మోకాలు మడత పడింది. కుర్రాడు పక్కనుంచి చొరబడి నడుం తిప్పాడు. వీపు మన్నుకి ఆనింది.

ఈలలు మోగాయి. "ముసలెద్దుని బండలాగుడికి కట్టార్రోయ్!" అని ఎవడో అరిచాడు. వదిన గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. కుర్రాణ్ణి అప్పుడే భుజాలకెత్తుకుంటున్నారు. అన్నయ్య లేచి, నోట్లో మన్ను ఉమ్మేసి, వాళ్ళకి అడ్డం వెళ్ళాడు.

"ఒరేయ్, దిగరా కిందికి. ఆ పట్టు ఎట్టా పట్టావు? ఇంకోసారి చూపించు."

అన్నయ్య కయ్యానికొచ్చాడనుకున్నాడు కుర్రాడు. దిగి, "తప్పేం చేశాను పెద్దయ్యా?" అన్నాడు బెదురుగా. అన్నయ్య కాలు ముందుకు చాచి నిలబడ్డాడు. కుర్రాడు పట్టాడు, అన్నయ్య మళ్ళీ పడ్డాడు, పడి పకపకా నవ్వాడు. లేచి, "బాగుంది గానీ, నీ మోకాలు ఇంకాస్త లోపలికి రావాలి. లేకపోతే నీకంటే బరువైనవాడు నిన్నే తిప్పేస్తాడు. ఏదీ, మళ్ళీ" అని మూడోసారి పడ్డాడు. ఈలలు ఆగిపోయాయి. డప్పులవాడు పుల్ల గాల్లో పట్టుకుని చూస్తున్నాడు. అంతమంది జనంలో ఆ ఇద్దరే ఉన్నట్టు, మన్ను కొట్టుకుపోయిన ఒంటితో పట్టు గురించి మాట్లాడుకుంటున్నారు.

మమ్మల్ని చూసి మాత్రం అన్నయ్య మొహం మాడ్చుకున్నాడు. బండి తోక మీద అటు తిరిగి కూర్చున్నాడు. సగం దారిలో వదిన వైపు తిరిగి, "ఎట్టా ఉందా పట్టు?" అన్నాడు. "ఏమో, మూడుసార్లు పడ్డావు" అంది వదిన. "పడింది ఒక్కసారే. మిగతా రెండూ కావాలని పడ్డవి" అన్నాడు. వదిన నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి చేరాక, మొదటిసారి ఓడిననాడు కడుపునిండా తిన్న మనిషి, ఆ రోజు ముద్ద ముట్టలేదు.

ఆ మోకాలితో అన్నయ్య మళ్ళీ గోదాలోకి దిగలేదు. కొత్తపట్నం కుర్రాడు మాత్రం వీలైనప్పుడల్లా ఎండుచేపల మూట పట్టుకుని మా ఇంటికొచ్చి, పెరట్లో పట్లు నేర్చుకునేవాడు. కొన్నేళ్ళు అతని పేరు మారుమోగింది, ఆ తర్వాత అతనూ తన వంతుకి ఇంకెవరి చేతిలోనో ఓడాడు. అన్నయ్య పోయిననాడు వచ్చి జనాజాకి భుజం ఇచ్చాడు. ఖబరస్తాను బయట ఎవరో, "ఎంత గొప్ప వస్తాదు, పాపం చివర్లో ఓడిపోయి చెడ్డాడు" అంటే, అప్పటికి తానూ నెరిసిపోయిన ఆ మనిషి, "ఓడింది నా చేతిలోనేనండీ. ఇప్పటికీ ఎక్కడికెళ్ళినా ఆ మాట గొప్పగా చెప్పుకున్నాకే కూర్చుంటా" అన్నాడు.

ఆ గోదా ఉన్నచోట ఇప్పుడు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ కట్టారు. పరుపులు షాపుల్లోంచి చుట్టలు చుట్టి వస్తున్నాయి, విల్లు చప్పుడు ఎట్టా ఉండేదో మా వీధిలో ఎవరికీ తెలియదు. ఈ రోజుల్లో ప్రతి గెలుపూ ప్రతి ఓటమీ ఫోనుల్లోకి ఎక్కి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కనపడుతుంది గనక, ఎక్కడ ఆగాలో ఎవరికివారు లెక్కలు వేసుకుంటున్నారు. తప్పనను. అన్నయ్య కుస్తీలకి ఒక్క ఫోటో కూడా లేదు. గెలిచినవన్నీ చూసినవాళ్ళ నోళ్ళలో బతికి, వాళ్ళతోపాటే వెళ్ళిపోయాయి. అరుగు మీద పట్లు చేసి చూపించిన రైతుల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు, వదినా లేదు. మిగిలింది నేను చూసిన ఆ ఓడిన కుస్తీ ఒక్కటే, అదీ నా కళ్ళు తెరిచి ఉన్నన్నాళ్ళే. అందుకే కాబోలు, ఈ మధ్య నాకు ఎక్కడ కూర్చున్నా కుదురుండటం లేదు.